కోలాహలపురము, మాయ్‌టూరా: రెండు కథలు
(మన సంఘ సమావేశమున చేసిన ఉపన్యాసము)



కోలారునకు ఆ పేరెట్లు వచ్చెనని పిల్లలడిగినచో, పెద్దలు చెప్పు సమాధానము మనమందరము ఎఱిగినదే. పరశురాముడు కార్తవీర్యార్జునుని ఇచ్చటనే వధించెననియు, ఆ పోరున రేగిన కోలాహలము వలన ఊరు కోలాహలపురమై, క్రమముగా కోలారైనదనియు చెప్పుదురు. కోలారమ్మను పరశురాముని తల్లియగు రేణుకగా కొలుచువారును కలరు.

శాసనములు వేఱొక మాట చెప్పుచున్నవి. 1905లో రైసు దొరగారు ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటముగా కోలారు జిల్లా శాసనములను ప్రకటించిరి. గంగరాజులకు కువలాలపురవరేశ్వరులను బిరుదు కలదు. చోళుల కాలపు తమిళ శాసనములలో ఊరి పేరు కువలాలము. అమ్మవారి పేరు పిడారి. కువలాలమే కాలక్రమమున కోలారైనదని పండితుల అభిప్రాయము.

అట్లయిన పెద్దలు చెప్పినది అబద్ధమా? కాదని మా మనవి. శాసనము ఊరి పాత పేరును తెలుపును. ఆ పేరును విన్న జనులు దానికి ఏ యర్థము కల్పించుకొనిరో, ఏ దేవతను తలచుకొనిరో కథ తెలుపును. ఒకదాని పని రెండవది చేయజాలదు. ఈ సంగతిని చక్కగా గ్రహించుటకు దూరదేశపు ఉదాహరణ మొకటి చెప్పెదము.

ఐర్లండు దేశమున మాయ్‌టూరా యుద్ధకథ యని ప్రాచీనమైన కథ యున్నది. దేవతాగణమునకు రాజైన నువాద యుద్ధమున చేయి కోల్పోవును. వైద్యుడు వెండి చేయి అమర్చును. అంగలోపము గలవాడు రాజ్యమునకు తగడని బ్రెస్ అనువానిని రాజును చేయుదురు. అతడు లోభి, అతిథికి అన్నపానములు సరిగా పెట్టడు. కవి యొకడు అతనిని తిట్టి పద్యము చెప్పును. నాటినుండి అతని కేడుగడ తప్పును. తుదకు లూగ్ అను సకలకళావేత్త వచ్చి, చూపుతోనే సేనలను కూల్చు బాలర్ కంటిని వడిసెల రాతితో కొట్టి చంపును. ఆ బాలర్ లూగ్‌నకు మాతామహుడే. వినగానే మనకు కృష్ణుడును, కంసుడును స్ఫురింతురు. అయినను పోలిక కనబడినంతనే చుట్టఱికము కలుపరాదు.

ఈ దేవతల కథలను వ్రాసి యుంచినవారు ఆ దేవతలను కొలిచినవారు కారు. క్రైస్తవ మఠములలోని విద్వాంసులును, వారి చదువు నందుకొన్నవారును. తమ మతము కాదని వారు కథను పాఱవేయలేదు. ఈ కథ యొక్క ప్రాచీనపాఠము నేడు ఒక్క వ్రాతప్రతిలో మాత్రమే మిగిలినది. పదునాఱవ శతాబ్దమునకు చెందిన ఆ ప్రతి లండనునందున్నది. అది నశించి యుండినచో ఆ పాఠమును చదువుభాగ్యము ఎవరికిని లేకుండెడిది.

దానిని 1891లో ఆంగ్లానువాదముతో ప్రకటించినవారు విట్లీ స్టోక్స్ గారు. డబ్లినులో 1830లో జన్మించిన ఈయన 1862లో మన మద్రాసునకు న్యాయవాదిగా వచ్చిరి. 1877 నుండి 1882 వఱకు రాజప్రతినిధి సభలో న్యాయసభ్యులుగా నుండిరి. నేటికిని మన భూముల క్రయవిక్రయములకు ఆధారమైన 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమును తీర్చుటలో వారి చేయి యున్నది. పగలు చట్టములు వ్రాయుచు, తీఱిక వేళల తమ దేశపు పాతకథలకు పాఠములు సిద్ధపఱచిరి. స్వదేశమునకు వేల మైళ్ల దూరమున నున్నను తమ భాషను మఱవలేదు.

అంతటి పండితుడును అర్థము కాని కొన్ని గహనభాగములను ముద్రణలో విడిచిపెట్టెను. తరువాతి పండితులు ఆ లోటును పూరించిరి; 1982లో ఎలిజబెత్ గ్రే అను విదుషి క్రొత్త సంపాదనము చేసెను.  వ్రాతప్రతి మిగిలియుండుట చేతనే ఆ లోటు తీఱినది. నోటిమాటగా మాత్రమే యున్న కథకు అట్టి రెండవ అవకాశ ముండదు.

ఇప్పుడు మన యింటికి వత్తము. మహాభారతమున జమదగ్ని ఆజ్ఞచే పరశురాముడు తల్లిని వధించి, వరము చేత మరల బ్రతికించుకొనును. జనుల నోట కథ ఇంకొక విధముగా నడచును. తొందరలో రేణుక తల వేఱొక స్త్రీ మొండెమునకు అతుకుకొనెననియు, ఆ స్త్రీ తక్కువ కులమున పుట్టినదనియు, అందుచేత ఇద్దఱు దేవతలు వెలసిరనియు చెప్పుదురు. తెలుగునాట రేణుకయే ఎల్లమ్మ. బైండ్లవారు జమిడిక వాయించుచు ఆమె కథ పాడుదురు. మన యిండ్లలో అవ్వ ఈ విధముగా చెప్పబోగా, చదువుకొన్న మనుమడు “పురాణములో అట్లు లేదవ్వా” అని ఆపును. అవ్వ ఊరకుండును. ఆ నాటితో ఆ కథ ఆ యింట ముగియును.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. పనులకై మన పిల్లలు బెంగుళూరునకును, అంతకంటె దూరమునకును పోవుచున్నారు. మారికుప్పములోను, ఛాంపియన్ రీఫ్‌లోను ఒకే వరుసలో నివసించిన కుటుంబములు చెదరినవి. కథ చెప్పువారుండిరి గాని వినువారు దూరమైరి.

కావున మేము కోరునది స్వల్పము. ప్రతి కుటుంబమును ఒక నోటుపుస్తకము తీసికొని, ఇంటి పెద్దలు చెప్పు కథ నొక్కదానినైనను వ్రాయవలెను. చెప్పిన మాటలనే వ్రాయుడు. గ్రంథమును చూచి దిద్దకుడు. తెలుగు నడుమ తమిళపు మాటయో, కన్నడపు మాటయో వచ్చినచో తీసివేయకుడు. మూడు భాషల నడుమ మనము బ్రతికిన తీరు ఆ మాటలలోనే యున్నది. అర్థము కాని పదమును తప్పక వ్రాయుడు. ఎవరు చెప్పిరి, వారు ఎవరి వద్ద వినిరి, ఏ యూరు, ఏ తేది అనునవి తుదిని చేర్చుడు. రెండిండ్లలో కథ రెండు విధములుగా నున్నచో రెండును ఉంచుడు.

నిండిన పుస్తకములను సంఘ కార్యాలయమున నిచ్చినచో ప్రతులు తీసి మరల ఒప్పగించెదరు. అక్షరములు రాని పెద్దలున్న యిండ్లకు మన యువకులు స్వయముగా పోయి వ్రాసికొని రావలెను.