సంఘంలో మాట, మాటకు హద్దు

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా సిద్దిపేటలో జరిగిన సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు కరువు భత్యం గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడడానికి నాకంటే బాగా తెలిసిన పెద్దలు వేదికమీద ఉన్నారు. నేను వేరే దారిలో పోతాను. వచ్చే సర్వసభ్య సమావేశానికి మన నియమావళిలో రెండు సవరణలు ప్రతిపాదనలో ఉన్న సంగతి మీకు తెలుసు. మొదటిది, మాట్లాడదలచినవారు ముందుగా పేరిచ్చి, ఐదు నిమిషాల్లో ముగించాలి, వ్యక్తిగత దూషణ చేయరాదు. రెండవది, సంఘం వ్యవహారాలను సంఘం బయట విమర్శించిన వారి సభ్యత్వం రద్దు చేయవచ్చు. ఒకటి మాటకు పద్ధతి పెడుతున్నది, రెండవది మాటకే తాళం వేస్తున్నది. ఈ రెంటికీ ఉన్న తేడాను దాదాపు రెండున్నర వేల యేండ్ల క్రితమే తరచి చూసిన సంఘం ఒకటున్నది. అది బౌద్ధ భిక్షు సంఘం.

బౌద్ధం మనకు పరాయి మాట కాదు. మన పాత మెదక్ జిల్లా కొండాపూర్‌లో, ఉత్తరాన ధూళికట్టలో, ఇటు ఫణిగిరిలో తవ్వకాలలో బయటపడిన స్తూపాలు, విహారాలు మనలో చాలామంది చూసినవే. ఆ విహారాల్లో కూర్చున్న భిక్షువులు ఎట్లా సమావేశమయ్యేవారో వినయ పిటకం చెబుతుంది. మనలో ఆఫీసు సూపరింటెండెంట్లుగా చేసినవారికి అది చదివితే పాత మిత్రుణ్ణి కలిసినట్టుంటుంది.

ఏ పనికైనా ముందు ‘ఞత్తి’, అంటే తీర్మానం ప్రవేశపెట్టాలి. చిన్న పనికి ఒకసారి, దీక్ష ఇవ్వడం వంటి పెద్ద పనికి మూడుసార్లు దాన్ని చదివి వినిపించాలి. ఒప్పుకున్నవారు మౌనంగా ఉండాలి, ఒప్పుకోనివారు మాట్లాడాలి. గమనించండి, అక్కడ నోరు తెరవవలసింది అసమ్మతి గలవాడే. కోరం ఉన్నది. మామూలు పనులకు నలుగురు, మధ్యదేశంలో దీక్ష ఇవ్వడానికి పది మంది, సరిహద్దు ప్రాంతాల్లో అయిదుగురు చాలు. జబ్బుతో రాలేనివాడు తన సమ్మతిని మరొకరి చేత పంపవచ్చు. మన సభ్యుల్లో మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేనివారు ఎంతమందో లెక్క వేస్తే ఈ నియమం విలువ తెలుస్తుంది.

శిక్ష విషయంలో ఇంకా జాగ్రత్త పడ్డారు. మనిషి ఎదుట లేకుండా, అతన్ని ప్రశ్నించకుండా, అతని ఒప్పుకోలు లేకుండా వేసిన శిక్ష చెల్లదు. ఛార్జి మెమోలు ఇచ్చినవారు, అందుకున్నవారు ఇద్దరూ ఈ సభలో ఉన్నారు. రాజ్యాంగం 311వ అధికరణం మనకు ఇచ్చిన రక్షణ, సంజాయిషీ చెప్పుకునే అవకాశం, ఇదే కదా! 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో డాక్టర్ అంబేద్కర్ ఈ సంగతే గుర్తుచేశారు. తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు, అభిశంసన వంటి పార్లమెంటు పద్ధతులు భిక్షు సంఘాలకు తెలిసినవేనని, మధ్యలో దేశం వాటిని పోగొట్టుకున్నదని, మళ్ళీ పోగొట్టుకుంటుందేమోనని ఆయన దిగులుపడ్డారు.

ఇక ఎదుటివాడి తప్పు ఎత్తి చూపడానికి ముందు అతని అనుమతి అడగాలి. చెప్పే మాట సమయానికి తగినదిగా, నిజమైనదిగా, మృదువుగా, మేలు చేసేదిగా ఉండాలి, చెప్పేవాడి మనసులో మైత్రి ఉండాలి. ఇన్ని షరతులు పెట్టడం నోరు మూయించడం కాదా అని అడగవచ్చు. కాదని నా అభిప్రాయం. ఎందుకంటే అదే సంఘంలో ‘పవారణ’ అని ఒక రోజున్నది. మూడు నెలల వర్షావాసం ముగిసిన రోజున ప్రతి భిక్షువూ, ఎంత పెద్దవాడైనా, సంఘం ముందు కూర్చుని, నాలో మీరు చూసినది, విన్నది, అనుమానించినది ఏదైనా ఉంటే దయతో చెప్పండి అని తానే అడగాలి. విమర్శకు పద్ధతి పెట్టినవారు విమర్శను పిలిచి కూర్చోబెట్టే రోజు కూడా పెట్టారు. మొదటిది తీసుకుని రెండవది వదిలేస్తే లెక్క తప్పుతుంది.

ఇన్ని నియమాలున్నా గొడవలు రాలేదా? వచ్చాయి. కౌశాంబిలో వినయం తెలిసిన భిక్షువుకూ ధర్మం బోధించే భిక్షువుకూ స్నానాల గదిలో పాత్రలో మిగిల్చిన నీళ్ళ దగ్గర మొదలైన తగువు సంఘాన్ని రెండుగా చీల్చిందని వ్యాఖ్యాన గ్రంథం చెబుతుంది. బుద్ధుడు నచ్చజెప్పినా వినలేదు. ఆయన అడవికి వెళ్ళిపోయాడు. చివరికి ఊరివాళ్ళు భిక్ష పెట్టడం మానితే గాని వాళ్ళు దారికి రాలేదు. బయటివారి మాటకు, ఆ మాటకొస్తే బయటివారి అన్నానికి, ఎంత బలమున్నదో చూడండి.

నేను అసలు చెప్పదలచినది వైశాలి కథ. బుద్ధ నిర్వాణం తర్వాత సుమారు నూరేండ్లకు జరిగింది. ఉపోసథ రోజున వైశాలి భిక్షువులు ఒక కంచు పాత్రలో నీళ్ళు పోసి నడుమ పెట్టుకుని, సంఘానికి కార్షాపణాలు వేయండని వచ్చిన గృహస్థులను అడుగుతున్నారు. అతిథిగా వచ్చిన యశుడనే భిక్షువు, శ్రమణులకు బంగారం, వెండి తగదు, వేయకండి అని గృహస్థుల ముందే అన్నాడు. వాళ్ళు వేయడం మానలేదు. రాత్రి ఆ డబ్బు పంచుకుని ఇదిగో నీ వంతు అని యశుడికీ ఇవ్వబోయారు. ఆయన తీసుకోలేదు.

అప్పుడేం చేశారు? భక్తుల మనసు నొప్పించావు, పోయి క్షమాపణ చెప్పు అని సంఘం తరఫున శిక్ష వేశారు. యశుడు నియమం తెలిసినవాడు. ఈ శిక్ష పడినవాడికి తోడుగా ఒకరిని పంపాలని నియమమున్నది, ఇవ్వండి అన్నాడు. ఆ తోడుతో ఊళ్ళోకి వెళ్ళి, క్షమాపణకు బదులు, ధర్మం కానిదాన్ని కాదన్నందుకు నామీద నింద పడింది, మీరే వినండి అంటూ బుద్ధుడు ఈ విషయంలో ఏమన్నాడో వివరించాడు. విన్న గృహస్థులు మీరొక్కరే నిజమైన శ్రమణులన్నారు. తోడు వెళ్ళినవాడు తిరిగి వచ్చి ఈ వార్త చెప్పగానే వైశాలి భిక్షువులు రెండో అభియోగం తయారుచేశారు: మా అనుమతి లేకుండా బయటివారికి చెప్పాడు, సంఘం నుంచి పక్కన పెట్టండి!

సభ్యులారా, మన రెండవ సవరణకూ ఈ అభియోగానికీ ఏమైనా తేడా కనిపిస్తున్నదా? లెక్క గురించి అడిగినవాడికి లెక్క చెప్పలేదు. బయట ఎందుకు అడిగావన్నదే నేరమయింది. (మన కోశాధికారి గారి మీద నాకే అనుమానమూ లేదు. ఆయన బస్సు టికెట్టు కూడా ఫైలులో పెట్టే మనిషి. నేనంటున్నది నియమం గురించి.)

యశుడు కౌశాంబికి వెళ్ళి, పడమటి ప్రాంతాలకూ, అవంతికీ, దక్షిణాపథానికీ కబురంపాడు. ఏడువందల మంది భిక్షువులు వైశాలిలో కూడారు. అంతమంది ఒకేచోట చేరితే ఏమవుతుందో అదే అయింది. మాటలకు అంతు లేదు, ఏ మాటకూ అర్థం తేలలేదు. అప్పుడు తూర్పువారి నుంచి నలుగురు, పడమటివారి నుంచి నలుగురు, ఎనిమిది మందితో ఉపసంఘం వేశారు. అందరికంటే వృద్ధుడైన సబ్బకామి సమాధానాలు చెప్పాడు, రేవతుడు ప్రశ్నలడిగాడు. పది అంశాలనూ ఒక్కొక్కటిగా విచారించి తప్పని తేల్చారు. అంతటితో ఊరుకోలేదు. అవే ప్రశ్నలు, అవే జవాబులు మొత్తం సంఘం ఎదుట మళ్ళీ వినిపించారు. ఉపసంఘాల నివేదికలు బీరువాలో పెట్టి తాళం వేసే అలవాటున్న మనకు ఇది కొత్తగా తోచవచ్చు.

ఓడినవారు ఏమయ్యారు? సింహళ చరిత్ర గ్రంథాల ప్రకారం వారు వేరే సభ పెట్టుకుని మహాసాంఘికులయ్యారు. ఉత్తరాది గ్రంథాలు చీలికకు మరో కారణం చెబుతాయి. ఏదైనా, ఆ మహాసాంఘికుల శాఖలే తర్వాత కృష్ణాతీరానికి వచ్చి మన తెలుగునేల మీద వేళ్ళూనాయి. చైత్యకుల పేరు అమరావతి శాసనాల్లో ఉన్నది. పూర్వశైలీయులు, అపరశైలీయులు మొదలైనవారికి పాలి వ్యాఖ్యాతలు ‘అంధకులు’ అని పేరు పెట్టారు. అంటే, ఆ గ్రంథాల లెక్కన ఓడిన పక్షం వారసులే మన పూర్వీకుల గురువులు.

వారి వాదాలు మనకు ఎక్కువగా ఎట్లా తెలిశాయంటే, ప్రత్యర్థుల గ్రంథం వల్ల. ‘కథావత్థు’లో రెండు వందలకు పైగా వివాదాంశాలున్నాయి. ఏది ఎవరి వాదమో తర్వాత వ్యాఖ్యానం చెప్పింది. ముక్తి పొందిన అర్హతుడికి సందేహం కలుగుతుందా? దారి తెలియకపోవడం, ఒక చెట్టు పేరు తెలియకపోవడం ఉంటుందా? ఉండవచ్చునన్నారు పూర్వశైలీయులు. నాకు ఈ వాదం ఎంతో ఇష్టం. పెద్దవారికి కూడా తెలియనివి ఉంటాయని చెప్పే ధైర్యం అది. దాన్ని ఖండించినవారు కూడా ముందు ఎదుటివాడి మాటను ప్రశ్నా జవాబులుగా రాసి, తర్వాతే ఖండించారు. ఆ పుటలే లేకపోతే తెలుగు భిక్షువుల తర్కంలో చాలా భాగం మనకు దక్కేది కాదు.

క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అంటే నాగార్జునకొండ లోయ, ఇంకా ముచ్చటైన దృశ్యం. అపరమహావినశైలీయులకు, బహుశ్రుతీయులకు, మహీశాసకులకు అక్కడ వేరువేరు విహారాలున్నాయి. సింహళ విహారమూ ఉన్నది. రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన సోదరి శాంతిశ్రీ మహాచైత్యానికి దాత. ఒకే లోయలో ఒకరితో ఒకరు విభేదించినవారు ఎవరి గంట వారు కొట్టుకుంటూ బతికారు. 1954 నుంచి 1960 వరకు తవ్విన ఆ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉన్నది. తరలించిన కట్టడాలు కొండమీద, అనుపులో చూడవచ్చు.

అంతా బాగున్నదని చెప్పను. సంఘంలో ఓటు వేయడానికి శలాకలు, అంటే పుల్లలు, పంచేవారు. పంచేవాడికి పక్షపాతం, ద్వేషం, మోహం, భయం ఉండరాదన్నారు. బాగానే ఉన్నది. కాని రహస్య ఓటింగులో అధర్మం వైపు ఎక్కువమంది ఉన్నారని అతనికి తోస్తే ఆ ఓటు చెల్లదని కొట్టివేయవచ్చునని చుల్లవగ్గలో ఉన్నది. ఏది ధర్మమో పుల్లలు పంచేవాడే తేలుస్తాడా? ఏ ఎన్నికల అధికారికైనా ఈ అధికారమిస్తే మనం ఒప్పుకుంటామా? ఇంకొకటి. భిక్షుణులు భిక్షువులకు తప్పు చెప్పరాదు, భిక్షువులు భిక్షుణులకు చెప్పవచ్చు అని నియమం. మన దగ్గర కుటుంబ పింఛను తీసుకునే సోదరీమణుల విషయంలో అట్లాంటి రాతపూర్వక నియమమేమీ లేదు. అయినా సర్వసభ్య సమావేశంలో వెనుక వరుసలో కూర్చుని, ఖజానా నుంచి తమ బకాయి రాలేదని పక్కవారి చెవిలో చెప్పుకుని వెళ్ళిపోతున్నారు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. మొదటి సవరణను ఆమోదిద్దాం, ఐదు నిమిషాలు చాలు, నాకు తప్ప! రెండవదాన్ని ఉపసంహరించుకోవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. దాని స్థానంలో, ఏటా లెక్కలు చదివిన తర్వాత కార్యవర్గం వేదిక దిగి సభ్యుల ఎదుట కూర్చుని, మాలో చూసిన లోపం చెప్పండి అని అడిగే గంట ఒకటి ఎజెండాలో చేర్చాలి. ఆ గంటలో మొదటి అవకాశం కుటుంబ పింఛనుదారులకు ఇవ్వాలి. ఎవరినైనా తొలగించవలసి వస్తే నోటీసు ఇచ్చి, ఎదుట కూర్చోబెట్టి, సంజాయిషీ విన్న తర్వాతే సర్వసభ్య సమావేశం నిర్ణయించాలి. తీర్మానం ప్రతి కార్యదర్శి గారికి అందజేశాను. బలపరచడానికి ఒక సంతకం కావాలి, వ్యతిరేకించేవారుంటే వారికీ ఐదు నిమిషాలు కేటాయించమని అధ్యక్షుల వారికి మనవి.