నా 850 ఆప్షన్లు సున్నా అయ్యాయి: ఆడిట్ లాగ్ ఎందుకు కావాలంటే

పోయిన ఎపిసోడ్‌లో ఈసాప్స్ అంటే ఏంటో చెప్పుకున్నాం కదా. ఈరోజు అదే ఈసాప్స్‌తో నాకు జరిగిన సంగతి చెప్తాను. కంపెనీ పేరు మాత్రం అడగొద్దు, చెప్పను.

నేను ఆ కంపెనీలో 2021 ఫిబ్రవరి 8న చేరాను. 2,400 ఆప్షన్లు ఇచ్చారు, నాలుగేళ్ల వెస్టింగ్. అంటే మొదటి ఏడాది నిండితే ఒకేసారి 600 మనవి అవుతాయి, ఆ తర్వాత నెలకి 50 చొప్పున. ఏడాది నిండకుండా మానేస్తే ఒక్కటి కూడా రాదు. దీన్నే క్లిఫ్ అంటారు. నా చివరి రోజు 2022 జులై 15. లెక్క వేసుకోండి: 600, ప్లస్ ఐదు నెలలకి 250. మొత్తం 850.

ఆ రోజు ఈక్విటీ పోర్టల్ ఓపెన్ చేస్తే, వెస్ట్ అయినవి: 0. రెండుసార్లు రిఫ్రెష్ కొట్టాను. అదే సున్నా.

హెచ్‌ఆర్ మేడమ్‌కి ఫోన్ చేశాను. "సిస్టమ్‌లో మీ వెస్టింగ్ మొదలైంది 2 ఆగస్టు 2021 అని ఉందండీ. ఏడాది పూర్తవ్వలేదు కదా" అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, స్క్రీన్ మీద ఉన్నదే చదివారు. నా గ్రాంట్ లెటర్‌లో ఫిబ్రవరి 8 అనే ఉంది. కానీ లెటర్ ఒకటి చెప్తోంది, సిస్టమ్ ఇంకొకటి చెప్తోంది. ఏది నమ్మాలి?

ఇక్కడ కొంచెం టెక్నికల్. మామూలు డేటాబేస్‌లో ఒక తేదీ మార్చి సేవ్ చేస్తే పాత తేదీ పోతుంది. 'అప్‌డేటెడ్ ఎట్' అని ఒక కాలమ్ ఉన్నా, చివరిసారి ఎప్పుడు మార్చారో చెప్తుంది తప్ప ముందు ఏముందో చెప్పదు. పాత రిజిస్టర్లు గుర్తు తెచ్చుకోండి. తప్పు రాస్తే రబ్బరుతో చెరపరు. ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెడతారు. ఆడిట్ లాగ్ చేసే పని అదే. ఎవరు, ఎప్పుడు, ఏ ఫీల్డ్, పాత విలువ, కొత్త విలువ, ఎక్కడి నుంచి మార్చారు, ఇవన్నీ వేరే టేబుల్‌లో ఒక కొత్త వరుసగా పడతాయి.

అదృష్టం బాగుండి మా సాఫ్ట్‌వేర్‌లో అది ఉంది. ఫైనాన్స్ వాళ్లని బతిమాలితే నా రికార్డు హిస్టరీ తీశారు. పాత విలువ 8 ఫిబ్రవరి 2021, కొత్త విలువ 2 ఆగస్టు 2021, మార్చింది ఎక్సెల్ ఇంపోర్ట్ ద్వారా. అంతే, విషయం అర్థమైపోయింది! ఫైల్‌లో 08/02/2021 అని ఉంది. మనం రోజు ముందు రాస్తాం, సాఫ్ట్‌వేర్ అమెరికా పద్ధతిలో నెల ముందు అని చదివింది.

మరి ఎవరూ ఎందుకు గమనించలేదు? 13వ నెల ఉండదు కాబట్టి, 13వ తేదీ నుంచి చేరినవాళ్ల వరుసల్ని అది సరిగ్గానే చదివింది. పాడైంది నెల మొదట్లో చేరినవాళ్లవే. అందులోనూ జులై 1న చేరినవాళ్లకి జనవరి 7 అయింది, అంటే ఆరు నెలలు లాభం. వాళ్లు కంప్లయింట్ ఎందుకు ఇస్తారు చెప్పండి!

లాగ్‌లో చిరాకు పెట్టినవి రెండు. 'ఎవరు' అన్నచోట 'అడ్మిన్' అని ఉంది. ఆ లాగిన్ నలుగురు వాడేవారు. అంటే ఏం జరిగిందో తెలిసింది, ఎవరిని అడగాలో తెలియలేదు. రెండోది టైమ్. లాగ్‌లో ఏప్రిల్ 9, 18:52 అని ఉంది. అది యూటీసీ. మన టైమ్‌కి ఐదున్నర గంటలు కలిపితే ఏప్రిల్ 10, అర్ధరాత్రి దాటాక 12:22. తెల్లవారితే శ్రీరామనవమి, ఆ టైమ్‌లో ఎక్సెల్ అప్‌లోడ్ చేసినవాళ్ల మీద నాకు కోపం కంటే జాలే ఎక్కువ వచ్చింది.

మీలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఉంటే ఒక మాట. యాప్ వాడే డేటాబేస్ యూజర్‌కి లాగ్ టేబుల్ మీద ఇన్సర్ట్ పర్మిషన్ మాత్రమే ఇవ్వండి, అప్‌డేట్, డిలీట్ వద్దు. డేటా మార్పు, లాగ్ వరుస రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో వెళ్లాలి. లేకపోతే ఒకటి పడి ఇంకోటి పడని రోజు వస్తుంది. తప్పుని సరిచేసినా పాత వరుస తీసేయకూడదు, సవరణ కూడా ఇంకో వరుసే. నా రికార్డులో ఇప్పటికీ ఆ ఆగస్టు తేదీ అలాగే ఉంటుంది, దాని కింద కారణంతో పాటు ఫిబ్రవరి మళ్లీ ఉంటుంది.

మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు అకౌంట్స్‌కి వాడే సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి, దాన్ని ఆఫ్ చేసే వీలు ఉండకూడదు. ఆ రూల్ అకౌంట్స్ పుస్తకాల గురించి. షేర్ల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ వేరేగా ఉంటే, అందులో లాగ్ ఉందా లేదా అని మీరే అడగాలి. అడగడానికి మొహమాటం వద్దు.

అన్నట్టు, ఈ వీడియో అయ్యాక మీ గ్రాంట్ లెటర్, వెస్టింగ్ షెడ్యూల్ పోర్టల్ నుంచి పీడీఎఫ్‌గా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఆఫీస్ మెయిల్‌లోనే ఉంచితే, ల్యాప్‌టాప్ ఇచ్చేసిన రోజు అదీ పోతుంది.

నా 850 తిరిగి వచ్చాయి. వాటిని కొన్నానా, కొంటే ట్యాక్స్ ఎంత పడింది అనేది వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. ఉంటానండీ, బై.