ఆమ్లమున నానిన ఎముక

స్నాతకులారా! ఇట్టి సభలలో హితోపదేశము చేయుట ఆచారమే గాని, వైద్యవిద్య ముగించి వెడలుచున్న మీకు ఒక ఎముక కథ చెప్పుటయే నాకు రుచించినది.

ఎముక బరువున సుమారు మూడింట రెండుపాళ్లు ఖనిజము. హైడ్రోక్లోరిక్ ఆమ్లమున నానవైచినచో ఆ ఖనిజము కరగిపోయి, ఆకారము చెడకయే, తోలుపట్టెవలె వ్రేళ్లనడుమ వంగునట్టి మెత్తని మాతృక మిగులును. 1889లోనే నికొలస్ సెన్ అను శస్త్రవైద్యుడు ఇట్లు మెత్తబరచిన ఎద్దు ఎముకతో రోగుల ఎముకలలోని గుంటలను పూడ్చెను. అయినను, 1965లో లాస్ ఏంజెలెస్ నందలి మార్షల్ యూరిస్ట్ దానిని జంతువుల కండరములలో, అనగా ఎముకకు తావేలేని చోట, ఉంచి చూచి, అచ్చటనే క్రొత్త ఎముక జనించుటను ప్రకటించువరకు, అందు దాగిన శక్తి లోకమునకు స్పష్టపడలేదు.

షికాగోలో హగ్గిన్సు అను పరిశోధకునితో పనిచేసిన హరి రెడ్డి ఆ క్రమమును దినదినము పరిశీలించెను. మాతృకపొడిని ఎలుక చర్మము క్రింద ఉంచిన మూడవనాటికి చుట్టుపట్ల కణములు చేరి వృద్ధిపొందును. వారమునకు మృదులాస్థి ఏర్పడును. పిదప రక్తనాళములు చొచ్చుకొనివచ్చి, మృదులాస్థి తొలగి, ఎముక వెలయును. మూడు వారములకు అందు మజ్జయు నిండును. గర్భస్థశిశువు కాలుసేతుల ఎముకలు రూపొందు క్రమమే యిది!

నన్ను మిక్కిలి ఆకర్షించినది 1981 నాటి ప్రయోగము. సంపత్ అను పరిశోధకుడును, రెడ్డిగారును మాతృకను గ్వానిడీన్ ద్రావణమున నానబెట్టి, కరగినదానిని, కరగని కొలాజెన్‌ను వేరుచేసిరి. విడివిడిగా రెండును వ్యర్థములు. మరల కలుపగా ఎముక పుట్టినది. కరగినదానియందు ప్రేరకములైన ప్రోటీనులు, కిలో ఎముకకు మైక్రోగ్రాముల కొలదిగా మాత్రమే, ఉండును; వానిని నిలిపి కణములకు అందించుట కొలాజెన్ పని. ఇంత పొదుపైన ఏర్పాటు నేనెరుగను.

నేడీ మాతృక పొడిగను, ముద్దగను మీ శస్త్రచికిత్సాగారములకు వచ్చుచున్నది. అది బరువు మోయజాలదు గనుక, ప్లేట్లు, స్క్రూలు మానరాదు. దాతనుబట్టియు, తయారీనిబట్టియు దాని శక్తి మారును. తీవ్రమైన వేడికి ప్రోటీనులు చెడును. కావున పెట్టెపైని పేరు చూచి తృప్తిపడక, దానిని ఎట్లు శుద్ధిచేసిరో అడిగి తెలిసికొనుడు.