పఠనమందిరమున వెలుతురు
(ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు పుస్తకములు, పాఠకులు కావలెనని అందరును ఎరుగుదురు. మూడవది వెలుతురు. నాగార్జునసాగరు ప్రాంతమున దానికి కొరత లేదు. వేసవి మధ్యాహ్నము ఆరుబయట వెలుతురు లక్ష లక్సులకు చేరును. చదువుటకు 150 మొదలు 300 లక్సులు చాలును. అయినను పట్టపగలు కిటికీలు మూసి విద్యుద్దీపము వెలిగించు పఠనమందిరములు కానవచ్చుచుండును.

కారణము కంటిలోనే కలదు. ఎదుటనున్న మిక్కిలి ప్రకాశమునకు అనువుగా కంటిపాప ముడుచుకొనును. చీకటి గోడ నడుమ కిటికీ తెల్లగా మండుచున్నచో చేతిలోని కాగితము మసకగా తోచును. లోపము వెలుతురు హెచ్చుటలో కన్న, ప్రక్కప్రక్కనున్న వెలుగుచీకట్ల వ్యత్యాసములో హెచ్చుగా ఉన్నది. కంటిలో శుక్లము గల వృద్ధులకు ఈ బాధ మరింత. మసకబారిన కటకము కాంతిని చెదరగొట్టును. చూపు పోయినదని తలచి వారు పత్రిక మానుకొందురు. కొందరి విషయమున తప్పు కుర్చీ వేసిన చోటిది కావచ్చును.

సాగరు సుమారు 16½ డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. డిసెంబరు మధ్యాహ్నమున సూర్యుడు దక్షిణమున 50 డిగ్రీల ఎత్తున నుండును గనుక దక్షిణపు కిటికీకి సజ్జా చాలును. తూర్పు పడమరల ఎండ సజ్జా క్రిందుగా దూరివచ్చును. అచట వసారాయో, వెదురు తడికయో, చెట్టో కావలెను. పూర్వపు మండువా లోగిళ్లలో వెలుతురు నడిమి తెరపినుండి నేలకు తగిలి గదులలోనికి వచ్చెడిది. ఆకాశము కంటికి ఎదురుపడెడిది కాదు.

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆనకట్ట వెనుక నీరు నిలిచిన పిదప, జలాశయమువైపు తెరచిన గదులకు మరియొక చిక్కు వచ్చినది. నడినెత్తి ఎండను నీరు నూటికి రెండు పాళ్లే త్రిప్పికొట్టును. సూర్యుడు దిగంతమునకు చేరువైనపుడు ఆ పాలు సగమును మించును. క్రిందినుండి వచ్చు ఈ కాంతిని ఏ సజ్జాయు ఆపజాలదు. కిటికీ క్రింది రెక్కలు మూసి పై రెక్కలు తెరచినచో నీరు కంటబడదు. ఎగయు కాంతి తెల్లని కప్పునకు తగిలి, మెత్తనై బల్లమీదికి దిగును.

ఖర్చు స్వల్పము. మొదట బల్లను త్రిప్పవలెను: కిటికీ ఎదుటను గాక ఎడమచేతి వైపున నుండవలెను. పిమ్మట కిటికీ చుట్టునున్న గోడకు, గోడ మందములోని ప్రక్కలకు సున్నము వేయవలెను. మండు కిటికీకి, నల్లని గోడకు గల అంతరము అప్పుడు తగ్గును. నేలకు మాత్రము తెల్లదనము, నునుపు రెండును కూడవు.