పొడపత్రి ఏ తలుపు తట్టింది?



ఇండియా వెళ్ళివచ్చినవారి పెట్టెల్లో ఆవకాయ పక్కన ఇప్పుడు పొడపత్రి పొడి పొట్లం కూడా కనిపిస్తోంది. "ఇది వేసుకుంటే షుగరు మాత్రలు మానెయ్యవచ్చా?" అని మమ్మల్ని పదే పదే అడుగుతున్నారు. ఆ జవాబే ఈనాటి మా ప్రసంగం.

పొడపత్రి నమిలి పంచదార నోట వేసుకుంటే ఇసుక తిన్నట్లుంటుంది. నాలుక మీద తీపిని పట్టే గ్రాహకాన్ని ఆ ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు అడ్డగిస్తాయి. గ్రాహకమంటే కణం తలుపుకున్న తాళమనుకోండి.

ఇన్సులిన్ దాచుకునే బీటా కణాలు క్లోమంలో ఉన్నాయి. గ్లూకోజు ఆ కణంలో ఖర్చయి శక్తినిస్తే, పొటాసియం దారి మూసుకుని కాల్షియం దారి తెరుచుకుంటుంది, ఇన్సులిన్ వెలువడుతుంది. గ్లిక్లజైడ్ వంటి మాత్రలు పొటాసియం దారికి చేరి ఉన్న గ్రాహకాన్ని పట్టుకుని, గ్లూకోజు తక్కువగా ఉన్నా ఆ దారి మూసేస్తాయి. మాత్ర వేసుకుని భోజనం మానితే కళ్ళు తిరిగేది అందుకే.

మెంతులలోని ఒక అమైనో ఆమ్లం మర్యాద తెలిసినది. గ్లూకోజు 5 మిల్లీమోల్స్ దగ్గర ఊరుకుంటుందనీ, పెరిగితేనే ఇన్సులిన్‌ను హెచ్చిస్తుందనీ 1998లో ఫ్రాన్సులోని మాంపెలియే శాస్త్రజ్ఞులు చూపారు. అది పరీక్షనాళికలో మాట. పోపులోని నాలుగు గింజలకు ఆ ఘనత అంటగట్టలేము.

పొడపత్రి కథ చిత్రమైనది. జి.ఎస్.4 అనే సారంతో రోగులకు చక్కెర తగ్గిందని 1990లో మద్రాసు పరిశోధకులు ప్రకటించారు. 1999లో మన లండన్ కింగ్స్ కాలేజీవారు దానిని బీటా కణాలకు తగిలించారు. ఇన్సులిన్ పుష్కలంగా వచ్చింది! కాల్షియం దారిని మందుతో మూసినా వచ్చింది, చల్లబరచినా వచ్చింది. నీలిరంగు వేసి చూస్తే, రంగు కణాల లోపలికి ఇంకింది. అంటే తాళం తియ్యలేదు, గోడకే కన్నం వేసింది.

2010లో అక్కడివారే మరొక పొడపత్రి సారంతో, తగిన మోతాదులో, గోడ చెడకుండా కాల్షియం ద్వారా ఇన్సులిన్ రప్పించారు. ఆకు ఒకటే, సారం వేరు, మోతాదు వేరు. మీ పొట్లంలోనిది ఏ రకమో పైన రాసి ఉండదు.

పొట్లం పారేయమనటం లేదు. మాత్రలు మాత్రం మీ అంతట మీరు మానకండి. డాక్టరుగారికి పొట్లం చూపించండి. రెండూ కలిపి వేసుకుంటున్నవారికి చక్కెర మరీ పడిపోవచ్చు. కారెక్కే ముందు వేలు గుచ్చి చూసుకోండి.