ఆవు పడుకునే చోటు

తిరిగిపోయాక రెండు బర్రెలు పెట్టుకుంటాం, ఏం జాగ్రత్త పడాలని చాలామంది అడుగుతున్నారు. దాణా గురించి చెప్పేవాళ్లు మస్తుగా ఉన్నారు. నేను పడక గురించి చెప్తా.

ఒమాన్‌లో, బాతినా తీరం దగ్గర ఒక మజ్రాలో పనిచేస్తున్న. ఆరు ఆవులు. ముందు నా తప్పు చెప్తా. వచ్చిన కొత్తలో పొద్దున పైపైన పెండ తీసి, దాని మీదే కొత్త గడ్డి పరిచేవాణ్ని. చూడ్డానికి శుభ్రంగా ఉండేది. కింద మాత్రం ఉచ్చతో నాని మురిగేది. ఒకరోజు పాలు పిండుతుంటే ఒక ఆవు తన్నింది. పొదుగు ఒక పక్క వేడిగా, గట్టిగా ఉంది. పాలల్లో గడ్డలు. పొదుగువాపు. డాక్టర్ వచ్చి సూదులు వేసినా ఆ చన్ను ఎండిపోయింది. కఫీల్ ఏమీ అనలేదు గానీ, ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

పక్క మజ్రాలోని పాకిస్తానీ పెద్దాయన ఒక పరీక్ష నేర్పాడు. ఆవు పడుకునే చోట మోకాలు ఆనించి పది దాకా లెక్కపెట్టాలి. లేచి చూస్తే ప్యాంటు తడిసిందంటే ఆ పడక పనికిరాదు. ఆవు రోజుకు 10 నుంచి 12 గంటలు పడుకునే ఉంటది. పొదుగు అంతసేపు ఆ తడిలోనే ఉన్నట్టు.

పాత గడ్డంతా ఎత్తేసి, నేల ఎండబెట్టి, మట్టి కలవని ఇసుక అర అడుగు మందం పోసినం. శుభ్రమైన ఇసుకలో క్రిములకు తిండి దొరకదు. రెండు పూటలా పెండ, తడి ఇసుక తీస్తా. తీసినంత మళ్లీ పోస్తా. పాలు పిండగానే మేత వేస్తా. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట పడుతది, అప్పటిదాకా ఆవు నిలబడాలి.

మన ఊర్లలో ఇసుక కొనడం భారం. వరిగడ్డి ముక్కలు గానీ, ఊక గానీ వేయొచ్చు. తడి పీల్చడంలో గడ్డి ముక్కలే నయం. బూజు పట్టింది అసలు వద్దు. గచ్చు అయితే ఉచ్చ పారిపోయేట్టు వాలు ఉండాలి. సున్నం చల్లినా దాని బలం ఒకటి రెండు రోజులే. తడి తీయక తప్పదు.

నేను పంపిన పైసలతో ఇంటి దగ్గర రెండు బర్రెలు కొన్నరు. మా ఇంటామె వీడియో కాల్‌లో కొట్టం చూపిస్తది. బాగానే కనిపిస్తది. కానీ ఫోన్లో వాసన రాదు కదా. అందుకే "లోపలికి పోతే కండ్లు మండుతున్నయా? మోకాలు ఆనించినవా?" అని అడుగుతా. మొన్న నవ్వి, "నువ్వే వచ్చి ఆనించు" అన్నది. కాసేపటికి చీర కుచ్చిళ్లు ఫోన్ ముందు పెట్టింది. తడిగా ఉన్నయి. ఆ సాయంత్రమే గడ్డి మొత్తం మార్చింది.

ఏళ్లకేళ్లు ఇక్కడ కష్టపడి కూడబెట్టింది బర్రెల మీద పెడతం. వాటి కింద వేసే గడ్డికి వెనకాడొద్దు. ఈ రోజు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ ఒక్కమాట అడగండి. ఉంటా మరి.