అప్పిచ్చేవారి సంఘం, అప్పు తీర్చేవారి హక్కు



బెంగళూరులో మారతహళ్లి దగ్గరో, వైట్‌ఫీల్డ్ దగ్గరో లోను పెట్టి ఫ్లాటు కొనుక్కున్న తెలుగువాళ్లు ఎంతోమంది. అప్పిచ్చిన బ్యాంకు ఏదో, వడ్డీ ఎంతో, ఏ తేదీన ఈఎంఐ కట్ అవుతుందో వాళ్లకు కంఠతా వచ్చు. అయితే ఆ బ్యాంకులన్నీ కలిసి పెట్టుకున్న సంఘం ఒకటుందనీ, అది తీసుకునే నిర్ణయం మన జేబుదాకా వస్తుందనీ తెలిసినవారు తక్కువ. అటువంటి సంఘాల చరిత్ర ఈరోజు చెప్పుకుందాం.

ఇళ్లకు అప్పులిచ్చే సంస్థలు పుట్టింది ఇంగ్లండులో. 1775లో బర్మింగ్‌హామ్‌లో కొందరు నెలనెలా చందాలు వేసుకుని, పోగైన సొమ్ముతో ఒక్కొక్కరే ఇల్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. అటువంటి సొసైటీలు ఊరూరా వెలిశాక, వాటన్నిటి తరఫున మాట్లాడేందుకు 1869లో బిల్డింగ్ సొసైటీస్ అసోసియేషన్ ఏర్పడింది.

మన బెంగళూరుకూ ఇందులో పెద్దపీటే ఉంది. 1898లో ప్లేగు ఊరిని కుదిపేసింది. ఇరుకు పేటలు వదిలి జనం మల్లేశ్వరం, బసవనగుడి వంటి కొత్త పేటలకు చేరారు. ఇళ్లు కావాలి, డబ్బు కావాలి. 1909లో బెంగళూరు బిల్డింగ్ కోఆపరేటివ్ సొసైటీ పుట్టింది. దేశంలో తొలి గృహనిర్మాణ సహకార సంఘంగా దానినే చెబుతారు. అటువంటి సంఘాల్లో సభ్యుడే యజమాని, సభ్యుడే రుణగ్రస్తుడు. ఇద్దరి మేలూ ఒకటే. ఆ తరవాత దేశమంతటా ఇలాంటి సంఘాలు పెరిగి, 1969లో వాటికి జాతీయ సమాఖ్య ఏర్పడింది.

మధ్యతరగతికి మాత్రం చాలాకాలం సొంతిల్లంటే రిటైరైనప్పుడు వచ్చే ప్రావిడెంట్ ఫండు, ఇంట్లో ఆడవాళ్ల బంగారం, ఊళ్లో అమ్మిన పొలమే. 1977లో హెచ్.టి. పారేఖ్ హెచ్‌డీఎఫ్‌సీని స్థాపించి, జీతం చూసి ఇంటికి అప్పిచ్చే పద్ధతి తెచ్చారు. పదేళ్లకు, 1987లో, కెనరా బ్యాంకు అండతో బెంగళూరులోనే క్యాన్‌ఫిన్ హోమ్స్ మొదలైంది. మరుసటి ఏడాది ఈ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల మీద అజమాయిషీకి నేషనల్ హౌసింగ్ బ్యాంకు వచ్చింది.

అప్పిచ్చేవారు పెరిగినకొద్దీ వారి సంఘాల మాటకు బరువు పెరిగింది. బ్యాంకులకు 1946 నుంచీ ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ ఉంది. 2003లో ఆ సంఘం సభ్య బ్యాంకులకు ఒక సలహా పంపింది. గడువుకు ముందే ఇంటి లోను తీర్చేసేవారి నుంచి అర శాతం నుంచి ఒక శాతం దాకా రుసుము తీసుకోవడం సబబేనని దాని సారాంశం. ఇరవై లక్షల బాకీ ఒక్కసారిగా తీర్చేద్దామనుకున్న మనిషికి ఒక శాతమంటే ఇరవై వేలు. అప్పు తీర్చినందుకు జరిమానా అన్నమాట! బ్యాంకులు కూడబలుక్కుని ఇలా చేస్తున్నాయన్న ఫిర్యాదు, వ్యాపారాల్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ దాకా వెళ్లింది. 2010 డిసెంబరులో కమిషన్ మెజారిటీ సభ్యులు చట్టం ఉల్లంఘన జరగలేదన్నారు. కానీ 2011లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు, 2012లో రిజర్వు బ్యాంకు ఫ్లోటింగ్ రేటు (మారే వడ్డీ) ఇంటి లోన్ల మీద ఆ రుసుమును రద్దు చేశాయి. సంఘం సబబన్నది చివరికి నియంత్రణ సంస్థలకు సబబనిపించలేదు.

అప్పిచ్చేవారు కలిసికట్టుగా ఉండడం తప్పని నేననను. ఒకే ఆస్తి కాగితాలకు నకిలీలు సృష్టించి, రెండు మూడు బ్యాంకుల్లో తాకట్టు పెట్టిన మోసాలు జరిగాయి. ఒక్క బ్యాంకు ఎంత జాగ్రత్తపడినా, పక్క బ్యాంకులో ఏముందో తెలియకపోతే ఏం లాభం? అందుకే 2011లో సెర్సాయ్ అనే ఉమ్మడి రిజిస్ట్రీ పెట్టారు. తాకట్టు వివరాలు అందులో నమోదు కావాలి. కొద్దిపాటి రుసుము కట్టి మనమూ వెతికి చూసుకోవచ్చు. నలుగురూ కలిస్తేనే అయ్యే పని ఇది.

ఇలాంటి కలయికకు ఒక పద్ధతి ఉండాలని 2024లో రిజర్వు బ్యాంకు, తమ సభ్యులను తామే అదుపులో పెట్టుకునే స్వీయ నియంత్రణ సంఘాలకు నియమావళి ప్రకటించింది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు ఉన్న రంగానికీ అటువంటి సంఘాలు ఉండాలంది. సభ్యుల తరఫున ప్రభుత్వంతో మాట్లాడడమొక్కటే చాలదు, సభ్యులను దారిలో పెట్టాలి, పాలకవర్గంలో మూడో వంతైనా స్వతంత్రులు ఉండాలి అని షరతు పెట్టింది. నా దృష్టిలో ఇది సరైన దారి. దానితోపాటు అప్పు తీసుకున్నవారి మాట వినిపించే కుర్చీ కూడా ఆ బల్ల దగ్గర ఉండాలి.

శ్రోతలకు చివరిగా ఒక మనవి. 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా మీ అసలు దస్తావేజులు మీకు తిరిగి ఇవ్వాలి. తప్పు అప్పిచ్చినవారిదై ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. కాగితాలు చేతికి రాగానే సెర్సాయ్‌లో తాకట్టు తొలగిందో లేదో చూసుకోండి, కొత్త ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించుకోండి. ముందు అప్పిచ్చినవారికే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వారు పట్టించుకోకపోతే, బ్యాంకైతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు రాయండి. అడిగితేనే హక్కు దక్కుతుంది. మొహమాటపడకుండా అడగండి.